ఆచార్యుడు గవర్నరైతే ఏం జరుగుతుంది? రెక్స్‌ఫర్డ్ టగ్వెల్, ప్యూర్టో రికో

మీ ప్రశ్న ఇది: సగం జీవితం పాఠాలు చెప్పి, పుస్తకాలు రాసి, ఆ తర్వాత ఒక భూభాగానికి గవర్నర్‌గా వెళ్ళినవారు ఉన్నారా? ఉంటే ఆ చదువు వారికి పాలనలో అక్కరకు వచ్చిందా, అడ్డం వచ్చిందా?

ఉన్నారు. నాకు తెలిసినవారిలో మీ ప్రశ్నకు అన్ని విధాలా సరిపోయేది రెక్స్‌ఫర్డ్ గై టగ్వెల్. కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యుడు, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సలహాదారు, 1941 నుంచి 1946 వరకు అమెరికా పాలనలోని కరీబియన్ దీవి ప్యూర్టో రికోకు గవర్నర్. నేను ప్రణాళికా విభాగంలో చాలాకాలం ఉద్యోగం చేశాను, తర్వాత పరిపాలనా శాస్త్రం బోధించాను. ఆ రెండు పనుల్లోనూ ఈయన రాతలు నా బల్ల మీద ఉండేవి. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. టగ్వెల్ చదువు ఆయనకు వాషింగ్టన్‌లో అడ్డం వచ్చింది, న్యూయార్క్‌లో అడ్డం వచ్చింది, ప్యూర్టో రికోలో మాత్రం అక్కరకు వచ్చింది. మనిషి అదే మనిషి, ఆలోచనలూ అవే. మారిందేమిటన్నది చూస్తేనే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఆయన 1891 జులై 10న న్యూయార్క్ రాష్ట్రంలోని సింక్లెయిర్‌విల్ అనే పల్లెలో పుట్టారు. చిన్ననాటి నుంచి ఉబ్బసం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని వార్టన్ స్కూల్లో సైమన్ ప్యాటెన్ దగ్గర అర్థశాస్త్రం చదివారు. ప్యాటెన్ బోధన అప్పటి అర్థశాస్త్రానికి ఎదురు నడిచేది: యంత్రాలు వచ్చాక కొరత కాలం పోయింది, ఇక సమృద్ధిని అందరికీ పంచడమెలాగన్నదే సమస్య అని ఆయన చెప్పేవారు. అక్కడే టగ్వెల్‌కు మరో గురువైన స్కాట్ నియరింగ్‌ను 1915లో విశ్వవిద్యాలయం ఉద్యోగంలోంచి తొలగించింది. బాల కార్మికుల గురించి, సంపద పంపిణీ గురించి ఆయన బాహాటంగా మాట్లాడటం ధర్మకర్తలకు గిట్టలేదు. తరగతి గదిలో చెప్పే మాటకు బయట ఎంత ధర పడుతుందో టగ్వెల్ ఇరవై నాలుగేళ్ళకే కళ్ళారా చూశారు.

ఆ రోజుల్లోనే ఆయనొక కవిత రాశారు. పనిముట్లూ పటాలూ సిద్ధం చేసుకున్నాను, చొక్కా చేతులు పైకి మడిచి అమెరికాను కొత్తగా తయారుచేస్తాను అన్నది దాని సారాంశం. విద్యార్థి ఉత్సాహంతో రాసుకున్న నాలుగు పంక్తులు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, ఆయన ప్రభుత్వ పదవిలో ఉన్నప్పుడు, ప్రత్యర్థులు ఆ పంక్తులను వెతికి పట్టుకుని దేశమంతా తిప్పారు. ఈయన కమ్యూనిస్టు అనడానికి వారికి ఆ సాక్ష్యం చాలింది. 1927లో ఆయన కార్మిక ప్రతినిధి బృందంతో కలిసి సోవియట్ రష్యా వెళ్ళి రావడం కూడా దానికి తోడైంది. పత్రికలు ఆయనకు ‘ఎర్ర రెక్స్’ అని పేరు పెట్టాయి.

1920 నుంచి కొలంబియాలో బోధన. ఆ కాలంలో ఆయన సహోద్యోగులతో కలిసి 1925లో అమెరికా ఆర్థిక జీవితం మీద ఒక పాఠ్యపుస్తకం తెచ్చారు. అందులో ఫొటోలు ఎంపిక చేసే పని ఆయన శిష్యుడు రాయ్ స్ట్రైకర్‌ది. అర్థశాస్త్రం పుస్తకంలో పట్టికలు తప్ప మరేమీ కనిపించని రోజుల్లో, ఫ్యాక్టరీలో మనిషి ఎలా నిలబడతాడో, పొలంలో ఎలా వంగుతాడో విద్యార్థికి బొమ్మల్లో చూపించాలనుకోవడం కొత్త సంగతి. స్ట్రైకర్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1932లో రూజ్‌వెల్ట్ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నప్పుడు సలహాల కోసం కొలంబియా ఆచార్యులను కొందరిని చేరదీశారు. రేమండ్ మోలీ, అడాల్ఫ్ బర్లీ, టగ్వెల్ అందులో ముఖ్యులు. పత్రికలు ఈ బృందాన్ని ‘బ్రెయిన్ ట్రస్ట్’ అన్నాయి. గెలిచాక టగ్వెల్ వ్యవసాయ శాఖలో సహాయ కార్యదర్శి, 1934లో ఉప కార్యదర్శి అయ్యారు. ఈ వాషింగ్టన్ సంవత్సరాల మీద పుస్తకాలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి రెండు విషయాలే చెబుతాను.

ఒకటి, ఆహారం, మందుల చట్టం. పండ్ల మీద చల్లే సీసపు ఆర్సెనేట్ అనే విషపు పురుగుమందు, అబద్ధపు ప్రకటనలతో అమ్ముడయ్యే మందులు, కళ్ళు పోగొట్టే సౌందర్య సామగ్రి, వీటిని అదుపు చేసే బిల్లు 1933లో ఆయన చొరవతో తయారైంది. పేరే ‘టగ్వెల్ బిల్లు’ అయిపోయింది, దాని ప్రాణానికి ముప్పూ అక్కడే వచ్చింది. మందుల కంపెనీల ప్రకటనల మీద బతికే పత్రికలు ఊరుకుంటాయా? బిల్లు అయిదేళ్ళు నలిగింది. 1937లో సల్ఫానిలమైడ్ ద్రావకం తాగి వందమందికి పైగా చనిపోయాక గాని, 1938లో, చాలా మార్పులతో అది చట్టం కాలేదు. అప్పటికి టగ్వెల్ ప్రభుత్వంలో లేరు.

రెండు, 1935లో ఏర్పడిన పునరావాస సంస్థ. సారం చచ్చిన నేలను దున్నుతూ దివాలా తీసిన రైతులను మంచి నేలకు తరలించడం, నగరాల అంచున పేదలు నివసించగల కొత్త పట్టణాలు కట్టడం దాని పని. మేరీలాండ్‌లో గ్రీన్‌బెల్ట్ అనే పట్టణం అలా వచ్చిందే: మొదట 885 ఇళ్ళు, సహకార దుకాణం, పిల్లలు రోడ్డు దాటకుండా కింది నుంచి బడికి నడిచి వెళ్ళే దారులు. అది ఇప్పటికీ ఉంది. అదే సంస్థలో టగ్వెల్ తన శిష్యుడు స్ట్రైకర్‌కు ఫొటోల విభాగం అప్పగించారు. డొరోథియా లాంజ్, వాకర్ ఎవాన్స్ తీసిన కరువు కాలపు చిత్రాలు, ఇవాళ ప్రపంచమంతా చూసేవి, ఆ విభాగంలోంచి వచ్చినవే. పాఠ్యపుస్తకంలో మొదలైన ఆలోచన అంత దూరం వెళ్ళింది.

అయినా రాజకీయంగా ఆయన భారమయ్యారు. 1936 ఎన్నికల ప్రచారంలో ఆయనను కనపడకుండా ఉంచారు. ఎన్నిక అయ్యాక రాజీనామా చేసి, ఒక మొలాసిస్ కంపెనీలో ఉపాధ్యక్షుడిగా చేరారు. ఆచార్యుడు బెల్లపు పాకం వ్యాపారంలో చేరాడని ఎగతాళి చేసినవారు ఉన్నారు. కాని చెరకు, చక్కెర, కరీబియన్ దీవుల సంగతులు ఆయనకు దగ్గరైంది అక్కడే. ఆ కంపెనీ యజమాని చార్లెస్ టాసిగ్ తర్వాత కరీబియన్ వ్యవహారాల్లో అమెరికా ప్రభుత్వానికి ముఖ్య సలహాదారు అయ్యారు.

1938లో న్యూయార్క్ నగర ప్రణాళికా సంఘానికి అధ్యక్షుడయ్యారు. మరుసటి సంవత్సరం ‘నాలుగో అధికారం’ అన్న పేరుతో ఒక వ్యాసం రాశారు. శాసనసభ, కార్యనిర్వాహక వర్గం, న్యాయస్థానం ఈ మూడింటి పక్కన, రేపటి గురించి ఆలోచించడమే పనిగా నాలుగో అంగం ఒకటి ఉండాలని అందులో వాదించారు. వాదన గొప్పదే. కాని న్యూయార్క్‌లో పార్కులు, వంతెనలు, రహదారులు అన్నీ రాబర్ట్ మోసెస్ అనే అధికారి గుప్పిట్లో ఉన్నాయి. నగర భూవినియోగానికి టగ్వెల్ సంఘం తెచ్చిన బృహత్ ప్రణాళిక మీద 1940లో మోసెస్ విరుచుకుపడ్డారు. ప్రణాళిక మూలన పడింది. మేయర్ లా గార్డియా ఆయనను వెనకేసుకు రాలేదు.

ఇంతవరకు చూస్తే ఇది ఓడిపోయిన పండితుడి కథ. ఇక్కడే చాలామంది చదవడం ఆపేస్తారు, అమెరికన్ చరిత్ర పుస్తకాలు కూడా. నా దృష్టిలో అసలు కథ ఇక్కడి నుంచే.

ప్యూర్టో రికోను 1898 యుద్ధంలో అమెరికా స్పెయిన్ నుంచి తీసుకుంది. 1917లో అక్కడివారికి అమెరికా పౌరసత్వం వచ్చింది గాని, తమ గవర్నర్‌ను ఎన్నుకునే హక్కు రాలేదు. గవర్నర్‌ను అమెరికా అధ్యక్షుడు నియమించేవాడు. అటార్నీ జనరల్‌ను, విద్యా కమిషనర్‌ను, ఆడిటర్‌ను కూడా ఆయనే నియమించేవాడు. స్థానిక శాసనసభ ఎన్నికైనదే, కాని అది చేసిన చట్టాన్ని రద్దు చేసే అధికారం అమెరికా కాంగ్రెస్‌కు ఉండేది. కాబట్టి గవర్నర్ కుర్చీ చిత్రమైనది. ప్రజలు పంపినవాడు కాడు, కింది అధికారులు పూర్తిగా అతని మాట వినరు, పైనున్నవారికి ఆ దీవి గుర్తే ఉండదు.

1940లో ఆ చిన్న దీవి జనాభా దాదాపు 18.7 లక్షలు. మంచి నేలలో చాలా భాగం చెరకు కంపెనీలది. చెరకు నరికేది ఏడాదిలో కొన్ని నెలలే, మిగతా నెలల్ని అక్కడివారు చచ్చిన కాలమనే పిలిచేవారు. సొంత నేల లేని కూలీలు యజమాని పొలంలోనే గుడిసె వేసుకుని బతికేవారు. యజమాని చెప్పినవారికి ఓటు వేయకపోతే మర్నాడు గుడిసె ఖాళీ చేయాల్సిందే. రాజధాని సాన్ హువాన్‌లో ఎల్ ఫంగితో అనే వాడ ఉండేది. ఆటుపోట్ల నీళ్ళు వచ్చిపోయే బురద మీద కర్రలు పాతి, వాటి మీద చెక్కపెట్టెలు, రేకులు అతికి కట్టిన వేలాది గుడిసెలు. ఇంటి నుంచి ఇంటికి దారి అంటే బురద మీద వేసిన పలకలే. ఆ బురదలోనే మురుగు, దాని మీదే పిల్లలు. పల్లెల్లో పని దొరకనివారంతా చేరింది అక్కడికే.

ఇక భూమి చట్టం సంగతి. మన దగ్గర భూ పరిమితి చట్టాల అమలు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఏ కంపెనీకీ 500 ఎకరాలకు మించి భూమి ఉండకూడదని 1900లోనే అమెరికా కాంగ్రెస్ తీర్మానించింది. ఉల్లంఘిస్తే శిక్ష ఏమిటో రాయలేదు. కాబట్టి నలభై ఏళ్ళు దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. కంపెనీలు వేలకు వేల ఎకరాలు పోగేశాయి. చివరికి స్థానిక ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1940 మార్చిలో అమెరికా సుప్రీం కోర్టు ఆ పరిమితి చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. దాన్ని ఎలా అమలు చేయాలో పరిశీలించడానికి అంతరంగిక శాఖ కార్యదర్శి హెరాల్డ్ ఇక్కీస్ ఒక సంఘాన్ని పంపారు. దానికి అధ్యక్షుడు టగ్వెల్. దీవితో ఆయన అసలు అనుబంధం అలా మొదలైంది.

సరిగ్గా ఆ సమయానికే అక్కడ మరో మనిషి పైకి వచ్చారు: లూయిస్ మున్యోస్ మారిన్. కవి, పత్రికా రచయిత. 1938లో ప్రజాస్వామ్య ప్రజా పార్టీ పెట్టారు. నినాదం రొట్టె, భూమి, స్వేచ్ఛ. గుర్తు పల్లె కూలీ తలమీది గడ్డి టోపీ. అప్పట్లో ఓటు ధర రెండు డాలర్లు. మున్యోస్ మారిన్ ఊరూరా తిరిగి ఒకటే చెప్పారు: రెండు డాలర్లు కావాలో న్యాయం కావాలో తేల్చుకోండి, రెండూ రావు. డబ్బుకు ఓటు అమ్మితే తర్వాత నన్ను అడగవద్దు. 1940 ఎన్నికల్లో ఆయన పార్టీ స్వల్ప తేడాతో దీవి శాసనసభలోని సెనేట్ గెలిచింది. 1941 ఏప్రిల్‌లో భూమి చట్టం చేసింది.

1941 సెప్టెంబర్ 19న టగ్వెల్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. ఆరంభమే అపశ్రుతి. అంతకు కొద్ది వారాల ముందే ఆయనను ప్యూర్టో రికో విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా ఎంపిక చేశారు. గవర్నర్ అయ్యాక కూడా ఆ పదవి తనకోసం ఉంచుకోవాలని ఆయన అనుకున్నారు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వారిదే న్యాయం, ఒక మనిషికి రెండు కుర్చీలేమిటి? ఆయన ఛాన్సలర్ పదవి వదులుకున్నారు. తర్వాత ఆ స్థానంలోకి హైమె బెనీతెస్ వచ్చి దశాబ్దాల పాటు ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపారు.

మూడు నెలలు తిరక్కుండానే యుద్ధం. 1942లో జర్మన్ జలాంతర్గాములు కరీబియన్ సముద్రంలో ఓడలను వరసగా ముంచాయి. దీవి తినే బియ్యం, చిక్కుడు గింజలు, ఉప్పు చేప, అన్నీ బయటి నుంచి ఓడలో రావాలి. నేలంతా చెరకే కదా. ఓడలు రావడం పడిపోయింది, చక్కెర బయటికి పోవడమూ ఆగింది. దీవి ఆకలితో నకనకలాడింది. టగ్వెల్ వాషింగ్టన్‌కు రాసిన లేఖల్లో, తర్వాతి పుస్తకంలో ఈ నెలల గురించిన పేజీల్లో గవర్నర్ దర్జా ఎక్కడా కనిపించదు. ఓడల కోసం, గిడ్డంగుల కోసం, రేషన్ కోసం ప్రతి శాఖ తలుపూ తట్టిన మనిషి కనిపిస్తాడు.

ఆ ఆకలి నడుమనే, 1942లో, ఆయనా మున్యోస్ మారినూ కలిసి చేసిన పని నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ఒక్క ఏడాదిలో చట్టం ద్వారా వరసగా కార్యాలయాలు నిలబెట్టారు: ప్రణాళికా మండలి, బడ్జెట్ కార్యాలయం, పారిశ్రామికాభివృద్ధి కోసం ఫొమెంతో అని అందరూ పిలిచే కంపెనీ, దానికి తోడు అభివృద్ధి బ్యాంకు. వీటిలో ప్రణాళికా మండలి నేరుగా ‘నాలుగో అధికారం’ వ్యాసంలోంచి దిగి వచ్చింది. నగరాల బృహత్ ప్రణాళికలు, భూవినియోగ నిబంధనలు, లేఅవుట్ల అనుమతులు దాని చేతిలో పెట్టారు. అంతకంటే ముఖ్యం, రాబోయే ఆరేళ్ళలో ప్రభుత్వం ఏ రోడ్డు, ఏ ఆసుపత్రి, ఏ బడి ఎప్పుడు కట్టాలో, డబ్బు ఎక్కడిదో చూపే ఆర్థిక కార్యక్రమం ఏటా తయారుచేసే బాధ్యత కూడా దానిదే. ప్రణాళిక వేరు, బడ్జెట్ వేరు అయితే ప్రణాళిక గోడ మీద బొమ్మగా మిగులుతుంది. ప్రణాళికా విభాగంలో పనిచేసిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. టగ్వెల్ ఆ రెంటినీ ముడివేశారు.

ఆ కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టారో కూడా చూడండి. ప్రణాళికా మండలి అధ్యక్షుడు రఫాయెల్ పికో, భూగోళ శాస్త్రవేత్త, వయసు ముప్పై. ఫొమెంతోకు తియోదోరో మొస్కోసో, పోన్సే పట్టణంలో మందుల దుకాణం నడిపే కుటుంబంవాడు, ఇళ్ళ నిర్మాణంలో పేరు తెచ్చుకున్నవాడు, వయసు ముప్పై దాటి ఒకటో రెండో. ఇద్దరూ దీవికి చెందినవారే. 1945లో విశ్వవిద్యాలయంలో పరిపాలనా శాస్త్ర పాఠశాల మొదలైంది, ఈ కార్యాలయాలకు కావలసిన మనుషుల కోసం. ఆచార్యుడి అలవాటు ఇక్కడే పనికొచ్చిందని నా నమ్మకం. మంచి ఆచార్యుడికి తాను పాఠం చెప్పడం కన్నా, తన తర్వాత ఆ పాఠం చెప్పేవాడు తయారవడం ముఖ్యం. వాషింగ్టన్‌లో టగ్వెల్ చేతిలో ఆలోచనలు ఉండేవి, ఇక్కడ శిష్యులూ దొరికారు, వారికి అధికారం ఇచ్చే చట్టమూ దొరికింది.

డబ్బు మాటేమిటి అంటారా? దాని జవాబు రమ్ము. యుద్ధ కాలంలో అమెరికా సారాయి బట్టీలను పారిశ్రామిక ఆల్కహాల్ తయారీకి మళ్ళించారు. విస్కీ దొరకని అమెరికన్లు ప్యూర్టో రికో రమ్ము మీద పడ్డారు. దాని మీద అమెరికా ప్రభుత్వం వసూలు చేసిన ఎక్సైజు పన్ను, పాత చట్టం ప్రకారం, తిరిగి దీవి ఖజానాకే చేరాలి. కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. అలాంటి డబ్బు వస్తే జీతాలు పెంచి, ఊరేగింపులు చేసి కరిగించేసిన ప్రభుత్వాలను మనం చూశాం. ఇక్కడ దానికి ముందే గమ్యం సిద్ధంగా ఉంది, ఎందుకంటే బ్యాంకూ, ఫొమెంతో, ప్రణాళికా మండలీ అప్పటికే ఉన్నాయి. అదృష్టం కలిసి రాలేదని ఎవరూ అనరు. ఆ అదృష్టాన్ని పట్టుకోవడానికి పాత్ర ముందే తయారుగా ఉండటం మాత్రం అదృష్టం కాదు.

భూమి చట్టం కింద రెండు పనులు జరిగాయి. కంపెనీల నుంచి కొన్న పెద్ద పొలాలను ముక్కలు చేయకుండా, ప్రభుత్వ భూమి సంస్థ తానే ఉంచుకుని నిపుణుడైన నిర్వాహకుడికి అప్పగించేది. లాభాన్ని కూలీలకు, వారు పనిచేసిన రోజుల లెక్కన పంచేది. ఈ ఏర్పాటు కాగితం మీద ఉన్నంత అందంగా పొలంలో సాగలేదు, లాభాలు పలచబడ్డాయి, కొన్నాళ్ళకు ఉత్సాహమూ పోయింది. రెండో పని మాత్రం దీవి ముఖం మార్చింది. సొంత నేల లేని కూలీ కుటుంబాలకు పావు ఎకరం నుంచి మూడెకరాల దాకా ఇంటి జాగా ఇచ్చారు. ఊరంతా చేరిన చోట చీటీలు తీసి ఎవరి జాగా ఎవరిదో తేల్చేవారు. అమ్ముకునే హక్కు లేదు, అనుభవించే హక్కు మాత్రమే. కాబట్టి మళ్ళీ ఏ షావుకారూ కాజేయలేడు. గుడిసెను ఆ జాగాలోకి మార్చుకున్న రోజు నుంచి ఆ కూలీ ఎవరికి ఓటు వేశాడని అడిగే యజమాని లేడు. మున్యోస్ మారిన్ పార్టీ 1944 ఎన్నికల్లో ఊడ్చిపెట్టేసిందంటే ఆశ్చర్యమేముంది?

టగ్వెల్ మీద దాడులూ ఆ రోజుల్లోనే ముదిరాయి. చక్కెర కంపెనీలు, వాటి పక్షాన పత్రికలు, వాషింగ్టన్‌లో దీవి ప్రతినిధిగా ఉన్న బొలీవర్ పగాన్, అందరూ ఏకమయ్యారు. అమెరికా కాంగ్రెస్, సెనేటర్ డెనిస్ చావెస్ నాయకత్వంలో ఒక విచారణ సంఘాన్ని, ప్రతినిధుల సభ సభ్యుడు జాస్పర్ బెల్ నాయకత్వంలో మరొక సంఘాన్ని పంపింది. బెల్ సంఘం ఆయన పాలనను దుయ్యబట్టింది. రూజ్‌వెల్ట్ మాత్రం ఆయనను మార్చలేదు. 1936లో చాటుగా ఉంచిన మనిషిని ఈసారి అంటిపెట్టుకుని ఉండటానికి కారణం, నేననుకోవడం, దీవిలో ఆ గవర్నర్ వెనక ఎన్నికైన శాసనసభ నిలబడి ఉండటమే. వాషింగ్టన్‌లో టగ్వెల్‌కు లేనిదీ, న్యూయార్క్‌లో లేనిదీ అదే. ఆయనకు ఓట్లు అడగడం రాదు, జనంలో కలిసిపోవడమూ రాదు. ఆ పని మున్యోస్ మారిన్ చేశారు. ఒకరు జనాన్ని కూడగట్టారు, ఇంకొకరు కార్యాలయాన్ని కట్టారు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా రెండోవారు 1943 దాటేవారు కాదు.

మచ్చలూ చెప్పాలి. ఫొమెంతో ప్రభుత్వ సొమ్ముతో సిమెంటు, గాజు సీసాలు, అట్టలు, మట్టి పైపులు, చెప్పుల ఫ్యాక్టరీలు నడిపింది. సిమెంటు బాగానే నడిచింది. మిగతావి నష్టాలతో, కార్మిక వివాదాలతో ఈడుస్తూ వచ్చాయి. 1950లో వాటిని ప్రైవేటు వారికి అమ్మేశారు. 1947 తర్వాత దీవి దారి మార్చి, పన్ను మినహాయింపులు చూపి అమెరికన్ కంపెనీలను పిలిచింది. ఆ దారిని నడిపించింది మళ్ళీ మొస్కోసోయే. అది టగ్వెల్ కోరుకున్న దారి కాదు, కాని ఆ దారిలో నడిచిన బండి ఆయన కట్టినదే.

స్వాతంత్ర్యం కోరేవారి దృష్టిలో ఆయన ఎంత మంచివాడైనా వాషింగ్టన్ పంపిన దొరే. ఆ మాటను తేలిగ్గా తీసేయలేం. ఆయన రాతల్లో స్థానిక నాయకుల మీద చిరాకు, తానే అంతా ఎరిగినవాడినన్న స్వరం అక్కడక్కడా గుచ్చుకుంటుంది. అయితే ఒక విషయంలో ఆయన నిజాయితీని శంకించలేం. గవర్నర్‌ను దీవి ప్రజలే ఎన్నుకోవాలని కుర్చీలో కూర్చునే వాదించారు. 1943లో రూజ్‌వెల్ట్ ఆ మార్పు కోసం నియమించిన సంఘంలో ఆయనా మున్యోస్ మారినూ పక్కపక్కన సభ్యులు. 1946 సెప్టెంబర్‌లో ఆయన దిగిపోయాక ఆ కుర్చీలో కూర్చున్నది హేసూస్ పిన్యేరో, ఆ పదవికి నియమితుడైన మొదటి ప్యూర్టో రికన్. 1947లో గవర్నర్ ఎన్నిక చట్టం వచ్చింది. 1948 నవంబర్‌లో మున్యోస్ మారిన్ ఎన్నికయ్యారు. 1952 జులై 25న దీవి సొంత రాజ్యాంగం అమల్లోకి వచ్చింది.

స్ట్రైకర్ సంగతి మళ్ళీ వస్తుందన్నాను. ఆయన పంపిన జాక్ డెలానో 1941 చివర్లో దీవికి వచ్చి చెరకు కూలీలను, గుడిసెల్లోని కుటుంబాలను ఫొటోలు తీశారు. యుద్ధం అయ్యాక 1946లో తిరిగి వచ్చి, చనిపోయేదాకా అక్కడే ఉండిపోయారు. టగ్వెల్ పాలించిన కాలం ఎలా ఉండేదో అక్షరాల్లో కంటే ఆ ఫొటోల్లో తొందరగా తెలుస్తుంది. ముందు అవే చూడమని నా సలహా.

పదవి వదిలాక టగ్వెల్ మళ్ళీ బడికే వెళ్ళారు. చికాగో విశ్వవిద్యాలయంలో ప్రణాళికా విద్య కోసం ప్రత్యేక కార్యక్రమం నడిపారు. అక్కడ ఆయనతో బోధించిన హార్వీ పెర్లాఫ్ 1950లో ప్యూర్టో రికో ఆర్థిక భవిష్యత్తు మీద రాసిన పుస్తకం ఆ రంగంలో ఇప్పటికీ ప్రామాణికం. 1948లో టగ్వెల్, అధ్యక్ష పదవికి పోటీ చేసిన హెన్రీ వాలెస్ పక్షాన నిలిచారు, ఆ ఎన్నికలో ఘోరంగా ఓడిన పక్షమది. ఆ తర్వాత రచనే ప్రధానం. రూజ్‌వెల్ట్ జీవితం మీద 1957లో పెద్ద గ్రంథం, 1968లో ‘ది బ్రెయిన్స్ ట్రస్ట్’. ఈ రెండోదానికి చరిత్ర రచనకిచ్చే బ్యాంక్రాఫ్ట్ బహుమతి వచ్చింది, అప్పటికి ఆయనకు డెబ్బై ఏడేళ్ళు. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో అమెరికాకు కొత్త రాజ్యాంగం ముసాయిదాలు ఒకదాని తర్వాత ఒకటి రాస్తూ చివరి ఏళ్ళు గడిపారు. వాటిలో ప్రణాళికకు ప్రత్యేక అంగం ఉంది. 1939 నాటి పట్టు వదల్లేదు. 1979 జులై 21న, ఎనభై ఎనిమిదో ఏట, శాంటా బార్బరాలోనే కన్నుమూశారు.

మీరు పుస్తకం పట్టుకోవాలంటే ‘ది స్ట్రికెన్ ల్యాండ్’తో మొదలుపెట్టండి. గవర్నర్‌గా ఆయన అనుభవాలన్నీ అందులో ఉన్నాయి, పదవి దిగిన వేడిలో వచ్చింది. లావుపాటి పుస్తకం, కోపంతో రాసింది. విచారణ సంఘాల మీద, పత్రికల మీద ఆయన తీర్చుకున్న కసి ఉన్న చోట్ల వేగంగా పేజీలు తిప్పండి. 1942 ఓడల సంక్షోభం, చట్టాల కోసం శాసనసభతో బేరసారాలు, కొత్త కార్యాలయాలకు మనుషులను వెతుక్కోవడం ఉన్న చోట్ల ఆగి చదవండి. పక్కనే ఆయన 1958లో రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ పాలిటిక్స్’ పెట్టుకోండి. రూజ్‌వెల్ట్, లా గార్డియాలతో సమానంగా మున్యోస్ మారిన్‌ను నిలబెట్టి రాసిన పుస్తకమది. తనకు రాని విద్య ఏమిటో, అది వచ్చినవారు దాన్ని ఎలా వాడారో ఆయన అక్కడ ఓపిగ్గా, అసూయ లేకుండా రాసుకున్నారు. మీ ప్రశ్నలోని రెండో సగానికి, చదువు అడ్డం వచ్చిందా అన్నదానికి, ఆయన సొంత జవాబు కూడా అందులోనే దొరుకుతుంది.